నా నోరు వాసన చూసినవాళ్ళు

జబ్బు తగ్గిందని అందరూ అంటున్నారు. నిజమే, తగ్గింది. గోడ పట్టుకోకుండా నడుస్తున్నాను. అన్నం నా చేత్తో నేనే కలుపుకుంటున్నాను. బడికి వెళ్ళి వస్తున్నాను. తగ్గనిది కోపం ఒక్కటే. కోపం మంచిది కాదు, రక్తపోటు పెరుగుతుందని డాక్టరు గారు హెచ్చరించారు. లోపల పెట్టుకుని తిరిగేకంటే కాగితం మీద పెడితే కొంతైనా దిగుతుందేమోనని ఇది రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. నాకు జరిగింది రేపు ఎవరికైనా జరగవచ్చు. ఆ రోజు పక్కన నిలబడ్డవాళ్ళలో ఇది చదివినవాళ్ళు ఒక్కరున్నా చాలు.

నా పేరు శ్రీనివాసరావు. గురజాల దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టర్ని. కబడ్డీ కోర్టులో పెరిగిన ఒళ్ళు. జ్వరం వచ్చినా గ్రౌండుకు వెళ్ళకుండా ఉండలేదు. మందు సంగతి కూడా ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పెళ్ళిళ్ళలో, జాతరల్లో స్నేహితులు బలవంతం చేస్తే ఒక గ్లాసు పట్టుకునేవాణ్ణి. అంతకు మించి అలవాటు లేదు.

శ్రావణం, నరసరావుపేట

శ్రావణంలో మా జిల్లా వ్యాయామ ఉపాధ్యాయులకు నరసరావుపేటలో శిక్షణ శిబిరం పెట్టారు. ఆట కొత్తది. చైనావాళ్ళ తాయి చి అనే నెమ్మది కసరత్తులోంచి పుట్టిందట. ఆ ఆట కోసం జిల్లాలో ఒక సంఘం కూడా ఏర్పడింది. శిబిరం నడిపింది ఆ సంఘం కార్యదర్శి. ఆయన పేరు రాయను. రాస్తే ఇదంతా ఆయన ఒక్కడి తప్పయిపోతుంది. ఆ తప్పులో ఆ రోజు ఆ హాలంతా ఉంది.

ఆట సంగతి చెప్పాలి. చేతిలో రాకెట్ ఉంటుంది గానీ దానికి అల్లిక ఉండదు. అల్లిక బదులు వదులుగా, మెత్తగా ఒక రబ్బరు పొర ఉంటుంది. బంతిలో కాస్త ఇసుక పోసి ఉంటారు, నేలకేసి కొట్టినా ఎగరదు. వచ్చిన బంతిని కొట్టకూడదు, కొడితే తప్పు. బంతి ఎటు పోతుంటే రాకెట్‌ని అటే పోనిచ్చి, చప్పుడు కాకుండా పొర మీదికి తీసుకుని, నడుముతో తిరిగి, గాలిలో గుండ్రంగా చుట్టు తిప్పి, ఆ ఊపు చెడకుండా అవతలివాళ్ళకు వదలాలి. చూడ్డానికి పసిబిడ్డను చేతులు మార్చినట్టు ఉంటుంది.

మొదటిరోజు అందరం నవ్వుకున్నాం. కబడ్డీ, వాలీబాల్ ఆడించే మోటు చేతులు మావి. వచ్చిన బంతినల్లా బాదేవాళ్ళం. నేర్పడానికి విజయవాడ నుంచి వచ్చిన కుర్ర మాస్టారు ఓపిక మనిషి. "బలం తీసెయ్యండి సార్, భుజంలో బలం తీసెయ్యండి" అని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చెప్పాడు. సాయంత్రానికి నాకు పట్టుబడింది. బంతి నా రాకెట్ మీద నిలిచి, నాతో పాటు తిరిగి, నేను వదిలితేనే వెళ్ళడం చూస్తే చెప్పలేనంత ముచ్చటేసింది. మా బళ్ళో పరుగెత్తలేని పిల్లలకు ఇది నేర్పాలని కూడా అనుకున్నాను.

రెండోరోజు లేచేసరికి మెడ వెనక నొప్పి. శిబిరానికి ఇచ్చిన హాస్టలు గదిలో దిండు గట్టిగా ఉంది, దానివల్లే అనుకున్నాను. టిఫిను తిని హాల్లోకి వెళ్ళాను. ఆ రోజు నేర్పేది ఒళ్ళంతా ఒక చుట్టు తిరిగి బంతిని వదలడం. నా వంతు వచ్చింది. బంతిని తీసుకున్నాను, తిరిగాను, ఆగాను. నేను ఆగినా హాలు ఆగలేదు.

కిటికీలూ మనుషులూ గోడ మీద కట్టిన బ్యానరూ అన్నీ ఒకే వైపు కొట్టుకుపోతున్నాయి. మోకాళ్ళ మీద పడి తిన్నదంతా కక్కాను. తల తిరుగుతోందని చెప్పబోతే నోట్లోంచి ముద్దముద్దగా ఏదో చప్పుడు వచ్చింది. అది నా గొంతని నాకే తెలియలేదు. లేవాలని చూశాను. కాళ్ళలో బలం ఉంది, కానీ అవి నేను పెట్టిన చోట పడడం లేదు. రెండు అడుగులు తూలి, వాలీబాల్ స్తంభాన్ని పట్టుకోబోయి, దాని పక్కన గాలిని పట్టుకుని పడ్డాను.

తర్వాత అందరి ఫోన్లలో తిరిగిన వీడియోలో ఉన్నది ఆ తూలడమే. ఎవరు తీశారో నాకు తెలుసు. నాతో మండల పోటీలకు, జిల్లా పోటీలకు కలిసి తిరిగినవాడే.

కార్యదర్శి వచ్చి నా మొహం దగ్గర వంగాడు. ముక్కుతో గాలి పీల్చడం నాకు వినపడింది. "ఏం మాస్టారూ, రాత్రిది ఇంకా దిగలేదా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వులో చెడ్డతనం లేదు. మనవాడే, పాపం, ఎక్కువైందన్న నవ్వు. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఎక్కువ మండేది ఆ జాలి నవ్వుకే.

ఆ మధ్యాహ్నం పెద్దవాళ్ళెవరో ఆట చూడ్డానికి వస్తున్నారు. పూలదండలు, కెమెరాలు సిద్ధంగా ఉన్నాయి. నేను హాల్లో కనపడకూడదు. ఇద్దరు నన్ను చంకల కింద పట్టుకుని ఆట సామాన్ల గదిలోకి తీసుకెళ్ళి, చుట్టి పెట్టిన చాపల పక్కన పడుకోబెట్టారు. ఒకాయన ఎంతో ప్రేమగా నిమ్మకాయ తెచ్చి నా నోట్లో పిండాడు. ఆ రసం మింగుడు పడక కొరపోయింది, ఊపిరి ఆగిపోతుందనుకున్నాను. దగ్గుతుంటే వీపు తట్టి, "అయిపోద్దిలే, పడుకో" అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

నాకు తెలివి ఉంది. అది చానామందికి తెలియదు, అందుకే చెబుతున్నాను. నాకు పూర్తిగా తెలివి ఉంది. అవతల కుర్ర మాస్టారు లెక్క చెప్పడం వినపడుతోంది. పొరల మీద బంతులు పడే మెత్తటి చప్పుడు వినపడుతోంది. తర్వాత చప్పట్లు, మైకులో ఉపన్యాసం. వ్యాయామం వల్ల ఆరోగ్యం గురించి ఎవరో చానాసేపు మాట్లాడారు. నేను గోడకవతల నా వాంతిలో పడి ఉన్నాను. కళ్ళు తెరిస్తే గది తిరుగుతుంది, మూస్తే నేను తిరుగుతాను. చచ్చిపోతానని భయపడ్డాను. ఎవరో ఆ గదిలోకి వచ్చి చూసేసరికి నేను పోయి ఉంటే అందరూ "తాగి పోయాడంట" అంటారని ఇంకా భయపడ్డాను.

భోజనాల వేళ సుజాత మేడమ్ వచ్చింది. సత్తెనపల్లి వైపు బళ్ళో పనిచేస్తుంది. ఆడవాళ్ళ శిక్షణ పై అంతస్తులో జరుగుతుంటే పొద్దున్నుంచీ ఆమె అక్కడే ఉంది. కింద అన్నాల దగ్గర నా సంగతి చెప్పుకుని నవ్వుకుంటుంటే విని, కంచం పక్కన పెట్టి లేచొచ్చిందట. తలుపు తీసి, నా పక్కన కూర్చుంది.

"మాస్టారూ, నా మొహం ఎన్ని కనపడతన్నయ్యి?" అంది.

మాట రాక రెండు వేళ్ళు చూపించాను.

ఆమె నా నోరు వాసన చూడలేదు. వెనక్కి తిరిగి, వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ కార్యదర్శితో, "ఇది మందు కాదు. మా అత్త కూడా ఇట్టానే పడింది. వెంటనే బండి పిలవండి," అంది. గేటు దగ్గర అతిథుల కార్లున్నాయని, అంబులెన్సు వస్తే అందరూ కంగారుపడతారని, వాళ్ళు వెళ్ళగానే పంపిద్దామని ఆయన సర్దిచెప్పాడు. ఆమె వాదించలేదు. వెనక గేటులోంచి రోడ్డు మీదికి వెళ్ళి ఆటోని ఆపి తీసుకొచ్చింది.

ఆ ఆటో అబ్బాయి పేరు కూడా నేను అడగలేకపోయాను. నా బట్టలు చూసి మొహం చిట్లించలేదు. "నా మెడ పట్టుకో అన్నా, గట్టిగా పట్టుకో" అని నన్ను ఎత్తి కూర్చోబెట్టాడు. దారిలో గతుకు వచ్చినప్పుడల్లా ముందే చెప్పాడు, నేను కక్కుకోవడానికి తన తువ్వాలు ఇచ్చాడు.

మొదట వెళ్ళిన చిన్న ఆస్పత్రిలో, మా వెనకే శిబిరంవాళ్ళు పంపిన మనిషి వచ్చి నర్సు చెవిలో ఏదో చెప్పాడు. ఆమె నా వైపు ఒకసారి చూసి సెలైను పెట్టి వెళ్ళిపోయింది. సుజాత మేడమ్ డాక్టరు గది ముందు నిలబడి, తలుపు తెరిచిన ప్రతిసారీ అడిగింది. చివరికి చిన్న వయసు డాక్టరమ్మ ఒకామె వచ్చింది. తన వేలు చూపించి దాని వెంట కళ్ళు తిప్పమంది. నా కళ్ళు నిలవకుండా కొట్టుకోవడం చూసి ఆమె ముఖం మారిపోయింది. ఇక్కడ పెట్టుకోవద్దు, గుంటూరు తీసుకెళ్ళండి అని తనే అంబులెన్సుకు ఫోన్ చేసింది. ఫిరంగిపురం దాటేవరకూ సుజాత మేడమ్ నా తల కదలకుండా పట్టుకుని కూర్చోవడం గుర్తుంది. తర్వాత దారి గుర్తు లేదు.

గుంటూరు ఆస్పత్రి గుమ్మంలో నా భార్య పద్మ, మా అన్న వెంకటేశ్వర్లు ఎదురయ్యారు. అన్న పిడుగురాళ్ళలో సున్నపురాయి లారీ నడుపుతాడు. కబురు అందగానే గురజాల వెళ్ళి పద్మను ఎక్కించుకుని వచ్చాడు. అప్పటికే వీడియో ఆయన ఫోన్లోకి వచ్చేసింది. నా స్ట్రెచరు పక్కన నడుస్తూ అన్న అన్న మాట ఇది: "ఏందిరా శీనూ, నలుగురిలో తల ఎత్తుకోకుండా చేశావు."

పద్మ నా జుట్టు సర్దుతున్నట్టు వంగి, నా నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది.

హాల్లో ఎంతమంది చూసినా భరించాను. పెళ్ళైన నాటినుంచి నాతో ఉన్న మనిషి కూడా చూసింది. నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఆమె అది వాంతి వల్ల అనుకుని చీర చెంగుతో తుడిచింది.

భాద్రపదం, గుంటూరు

స్కాను తీశాక తెలిసింది. తల వెనక భాగంలో చిన్నమెదడు ఉంటుందట. దానికి రక్తం పోయే దారిలో గడ్డ అడ్డుపడింది. ఇది కూడా పక్షవాతమే. అయితే చేయీ కాలూ పడవు, మూతి వంకరపోదు. నిలకడ పోతుంది, మాట ముద్దవుతుంది, చూపు రెండవుతుంది, అంటే తాగినవాడి వాలకమే. గడ్డ కరిగించే ఇంజెక్షను మొదటి కొద్ది గంటల్లోనే ఇవ్వాలని, ఆ వేళ దాటిపోయిందని పెద్ద డాక్టరు మా అన్నతో చెబుతుంటే విన్నాను. పొద్దున పడిన మనిషిని ఇప్పుడా తీసుకొచ్చేది అని ఆయన కోప్పడ్డారు. మా అన్న తల దించుకుని నిలబడ్డాడు. ఆ గంటలన్నీ నేను చాపల గదిలో ఉన్నాను.

మెదడు వాచే ప్రమాదం ఉందని ఐసీయూలో ఉంచారు. ఆ రోజుల గురించి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. ఎక్కిళ్ళు. ఆగకుండా, నిద్రలో కూడా ఎక్కిళ్ళు. ఇద్దరు పద్మలు, ఇద్దరు నర్సులు, పైకప్పు మీద రెండు లైట్లు. ముక్కులోంచి గొట్టం వేసి పాలు, జావ పోశారు. తల పక్కకు తిప్పితే అంతా మొదలయ్యేది. నేల తుడవడానికి వచ్చే ఆయమ్మ ఒకామె మాత్రం, నా మంచం దగ్గరికి వచ్చినప్పుడు చప్పుడు కాకుండా బకెట్టు దింపేది. అంత చిన్న చప్పుడు కూడా నాకు పడదని ఆమె ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది.

ఐసీయూ బయట వరండాలో పద్మ ఉండేది. అక్కడ కూర్చునే ఆడవాళ్ళంతా తొందరలోనే ఒక ఇంటివాళ్ళయిపోతారు. ఒకరి చాప మీద ఒకరు పడుకుంటారు, ఒకరి డబ్బాలో కూర ఒకరు తింటారు. అక్కడ పద్మకు నాగమ్మ అనే ఆమె పరిచయమైంది. ఆమె భర్త సాంబయ్య నా పక్క మంచం మీదే ఉన్నాడు. దాచేపల్లి అవతల రాతి క్వారీలో కూలీ. అతనిదీ పక్షవాతమే. అతను నాలాగా కాదు. నిజంగానే తాగి ఉండగా పడ్డాడు. తోటివాళ్ళు తాగి పడ్డాడని నీడలోకి లాగి, తలకింద గోనెసంచి పెట్టి వెళ్ళిపోయారు. మర్నాడు పనిలోకి వచ్చి లేపితే లేవలేదు.

అప్పటికి వీడియో మా ఊరంతా తిరిగింది. పరామర్శకు వచ్చినవాళ్ళు కూడా, "అంత ఎట్టా తాగాడమ్మా, టీచరయ్యుండి," అని పద్మనే అడిగారు. అందుకని ఆమెకు ఒక మాట అలవాటైపోయింది. ఎవరు పలకరించినా ముందు అదే చెప్పేది. నాగమ్మకు కూడా అదే చెప్పింది: "మా ఆయన తాగడు. అనవసరంగా తాగాడని పడేసి ఇంతవరకు తెచ్చారు."

నాగమ్మ చేతిలో ముద్ద ఆపి అన్నదట: "మా ఆయన తాగుతాడమ్మా. తాగితే మాత్రం ఆస్పత్రికి తేగూడదా?"

పద్మ ఆ మాట నాకు చానారోజుల తర్వాత చెప్పింది. అప్పటికి సాంబయ్య లేడు. నేను ఐసీయూలో ఉండగానే పోయాడు. ఆ పక్క మంచం చుట్టూ తెర లాగడం, నాగమ్మ ఏడుపు వినపడకుండా నోట్లో కొంగు కుక్కుకోవడం నేను చూశాను. రెండుగా చూశాను.

దసరా వెళ్ళాక, గురజాల

ఇంటికి తెచ్చాక అసలు కష్టం మొదలైంది. ఆస్పత్రిలో రోగిని. ఇంట్లో మొగుణ్ణి, తమ్ముణ్ణి, మాస్టర్ని. ఒక గోడ నుంచి ఇంకో గోడకు నడవడం నేర్చుకుంటున్నాను. కాళ్ళు వెడల్పుగా పెట్టి, చేతులు చాచి, పడవలో నిలబడ్డవాడిలా. వీధిలోకి వెళ్తే పిల్లలు ఆగి చూసేవాళ్ళు. వాళ్ళ చూపులో వీడియో కనపడేది నాకు. గ్లాసు పట్టుకుంటే నోటికి రాకుండా చెంపకు తగిలేది. రెండు గ్లాసులు పగలగొట్టాను. అవి చేయి జారి పగిలినవి కావు. కోపంతో విసిరికొట్టాను.

పద్మ ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఒకరోజు ఆమె మిషను తొక్కుతుంటే, నేను మంచం మీదినుంచి, మెల్లగా, ఒక్కొక్క మాట కూడబలుక్కుని అడిగాను. "హాల్లోవాళ్ళు చూశారంటే చూశారు. నువ్వెందుకు నా నోరు వాసన చూశావు?"

మిషను ఆగింది.

"తాగి ఉంటే బాగుండునని చూశా," అంది. "దారంతా దేవుడికి అదే మొక్కుకున్నా. తాగింది అయితే తెల్లారేసరికి దిగిద్ది గదా. వాసన రాలేదు. అప్పుడు నా కాళ్ళు చల్లబడ్డయ్యి."

మళ్ళీ మిషను తొక్కుకుంది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఇన్నాళ్ళూ మనసులో ఆమె మీద కూర్చిన మాటలన్నీ వ్యర్థమైపోయాయి. కోపం పెట్టుకున్న మనుషుల్లో ఒకరు తగ్గితే అది పోదు, మిగిలినవాళ్ళ మీద ఇంకా చిక్కబడుతుంది. నాకు అదే జరిగింది.

అన్నతో మాత్రం నేను ముభావంగానే ఉన్నాను. ఆయన వారం వారం వచ్చేవాడు. నన్ను బాత్రూముకు తీసుకెళ్ళేవాడు, గడ్డం గీసేవాడు. ఆ రోజు తాను అన్న మాట ఎత్తేవాడు కాదు. నేనూ ఎత్తలేదు.

ఆయన ఉన్న రోజే కార్యదర్శి వచ్చాడు. వెంట ఇద్దరు మాస్టర్లు, చేతిలో యాపిల్ పండ్లు, హార్లిక్స్ సీసా. కూర్చుని నా ఆరోగ్యం అడిగాడు. నేను చేసే కసరత్తులు అడిగాడు. శిబిరం గురించి ఎవరెవరో ఏదేదో అంటున్నారని, పై అధికారుల దాకా పోతే ఆటకే చెడ్డపేరు వస్తుందని, శిబిరంవాళ్ళ తప్పేమీ లేదని నేను ఒక మాట చెబితే అందరూ సర్దుకుంటారని మెల్లగా విషయానికి వచ్చాడు.

"మాకేం తెలుసు మాస్టారూ," అన్నాడు. "పక్షవాతమంటే చెయ్యీ కాలూ పడిపోవాల. మీకు అయ్యేమీ లేవాయె. వాసన కూడా లేదు, ఏదో రకం మందు అయ్యుంటదిలే అనుకున్నాం."

ఆ మాట ఆయన నోట్లోంచి మామూలుగా వచ్చేసింది. ఏం అన్నాడో ఆయనకే తెలియదు.

"వాసన లేదా?" అన్నాను.

వెంట వచ్చిన మాస్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వాసన లేదని ఆ రోజే తెలుసా మీకు?"

ఆయన యాపిల్ పండ్ల కవరు వైపు చూస్తూ అన్నాడు: "గెస్టులు వచ్చే టైము మాస్టారూ. నా బుర్ర పనిచేయలా."

నాకు అరవాలనిపించింది. అరిస్తే మాట ముద్దవుతుంది, ముద్దయితే తాగినవాడి మాటలా వినపడుతుంది. అందుకని అరవలేకపోయాను. ఈ జబ్బు నా దగ్గర తీసుకున్నవాటిలో అది ఒకటి. కోపమొచ్చినా గట్టిగా తిట్టే యోగం లేదు. అప్పుడు మా అన్న లేచాడు. కవరు తీసి కార్యదర్శి చేతిలో పెట్టాడు, హార్లిక్స్ సీసా ఇంకో చేతిలో పెట్టాడు.

"లెగండి," అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక అన్న తలుపు దగ్గరే నిలబడిపోయాడు. అటే చూస్తూ, "నేనూ వీళ్ళలో ఒకణ్ణేగా శీనూ," అన్నాడు. రమ్మని చేయి చాపాను. వచ్చి పక్కన కూర్చున్నాడు.

మాఘం, మాచర్ల

మాఘమాసంలో మాచర్లలో ఆ ఆటకే ఇంకో శిబిరం పెట్టారు. కార్యదర్శి ఫోన్ చేశాడు. చావును గెలిచి వచ్చిన మాస్టరుగా నాకు వేదిక మీద సన్మానం చేస్తారట. ఫోన్ పద్మకు ఇచ్చేశాను. ఆమె మర్యాదగా కుదరదని చెప్పింది. సాయంత్రం సుజాత మేడమ్ ఫోన్ చేస్తే ఈ సంగతి చెప్పి నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

"వెళ్ళండి మాస్టారూ," అంది. "శాలువా వాళ్ళకే ఇచ్చేసి మైకు తీసుకోండి. మీరు చెప్తేనే వింటారు. నేను చెప్తే ఆ రోజు విన్నారా?"

అన్న లారీ పని మానుకుని నన్ను కారులో తీసుకెళ్ళాడు. పద్మ, సుజాత మేడమ్ ముందు వరసలో కూర్చున్నారు. హాలంతా జంటలు జంటలుగా నిలబడి ఆడుతున్నారు. బంతులు పొరల మీద మెత్తగా వాలి, చుట్టు తిరిగి, అవతలికి వెళ్తున్నాయి. ఆ ఆట మీద నాకు ఏ కోపమూ లేదు. చూస్తుంటే ఇప్పటికీ బాగుంటుంది.

నన్ను వేదిక ఎక్కించి కుర్చీలో కూర్చోబెట్టారు. కార్యదర్శి శాలువా విప్పుకుని వచ్చాడు. నేను చేయి అడ్డం పెట్టి, అది తర్వాత అని, మైకు ఇవ్వమన్నాను. కెమెరాలు చూస్తున్నాయి కాబట్టి ఇచ్చాడు.

"నా మాట ఇట్టానే ఉంటది," అన్నాను. "ఇప్పుడు ఇంతే. అర్థం కాకపోతే మళ్ళీ అడగండి."

తర్వాత డ్రిల్లు మాస్టరు పని చేశాను. రాకెట్లు కింద పెట్టమన్నాను. ఎదురెదురుగా నిలబడమన్నాను. ఒకరు వేలు చూపించాలి, రెండోవాళ్ళు ఆ వేలిని ముట్టుకుని, వెంటనే తమ ముక్కును ముట్టుకోవాలి. ఆస్పత్రిలో రోజూ నాతో చేయించిన పరీక్ష అది. హాలంతా వేళ్ళు, ముక్కులు. కొందరు నవ్వుకున్నారు. కార్యదర్శిని పిలిచి నా ఎదురుగా నిలబెట్టాను. ఆయన చక్కగా ముట్టుకున్నాడు. తర్వాత ఆయన్ని వేలు చూపించమని, నేను చేశాను. ఆయన వేలిని చేరేసరికి నా చేయి అటూ ఇటూ ఊగింది. తిరిగి వచ్చి ముక్కు పక్కన దవడ మీద పొడుచుకుంది. నవ్వులు ఆగిపోయాయి.

"శ్రావణంలో నరసరావుపేటలో మీలో చానామంది ఉన్నారు," అన్నాను. "నేను తూలతంటే ఫోన్లు తీశారు. నోరు వాసన చూశారు. ఒక్కళ్ళు కూడా వేలు చూపించలా. మనం రోజూ పిల్లల్ని ఎండలో పరుగెత్తిస్తాం. ఆ పిల్లల్లో ఒకడు ఇట్టా పడితే ఏం చేస్తారు మీరు?"

ఉన్నట్టుండి తూలినా, మాట ముద్దయినా, చూపు రెండయినా, మూతి జారినా, చెయ్యి లేవకపోయినా నోట్లో నిమ్మకాయ పిండకూడదని, నీళ్ళు కూడా పోయకూడదని, పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే బండి పిలవాలని చెప్పాను. ప్రతి నిమిషమూ మెదడులో కొంత చచ్చిపోతుందని చెప్పాను. సాంబయ్య గురించి చెప్పాను. నాగమ్మ అడిగిన మాట చెప్పాను. చెబుతుంటే మాట మరీ ముద్దయింది. అయినా ఆపలేదు.

అయ్యాక వెనక వరసలోంచి రెంటచింతల వైపు మాస్టారు ఒకాయన లేచాడు. పెద్ద వయసు మనిషి. ఎగతాళికి కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"తాగినోడికి కూడా వేలు ఇట్టానే తప్పుద్ది గదా మాస్టారూ. ఏది మందో ఏది జబ్బో తేడా ఎట్టా తెలిసేది?"

"తెలవదు," అన్నాను. "స్కాను తీస్తే గానీ డాక్టర్లకే తెలవలా. తేల్చడం మన పని కాదు. ఇద్దర్నీ తీసుకెళ్ళండి."

ఆయన ఇంకా కూర్చోలేదు.

"తాగినోణ్ణి కూడానా?"

"వాణ్ణే ముందు తీసుకెళ్ళండి," అన్నాను. "వాడి మాట ఎవరూ నమ్మరు."